కొండ కాలిన రాత్రి, మన పెద్దల నిప్పు చరిత్ర

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి తెచ్చే ఈ-సంచికకు మన చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం పిల్లలు అడిగారు. థింసా గురించి, పండగల గురించి, మన్యం పోరాటాల గురించి రాసేవాళ్ళు ఉన్నారు, మాకంటే బాగా రాస్తారు. మేము హాస్టల్ వార్డెన్‌గా హాజరు పట్టీల మధ్య, బియ్యం లెక్కల మధ్య బతికిన వాళ్ళం. కాకపోతే ఒక సాయంత్రం చరిత్రే కొండ దిగి మా హాస్టల్ వెనక గోడ దాకా వచ్చింది. అందుకే నిప్పు గురించి రాస్తున్నాం.

కొన్నేళ్ళ క్రితం మాట. మార్చి నెల. పదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గర పడ్డాయి. మాది పాడేరు కొండల్లో ఒక గిరిజన బాలికల హాస్టల్. ఊరి పేరు అక్కర్లేదు, అలాంటి హాస్టళ్ళు మన ఏజెన్సీలో చాలా ఉన్నాయి. ముందు గెడ్డ, గెడ్డ అవతల కోసేసిన వరి మడులు, వెనక కొండ. కొండ మొదట్లో బోద గడ్డి, దాని పైన కొండచీపురు దుబ్బులు, ఇంకా పైన వెదురు, మద్ది, ఏగిస. ఆకు రాల్చే అడవి కాబట్టి మార్చి వచ్చేసరికి నేల మీద మోకాలి దాకా ఎండాకు. పైన రిజర్వు అడవి హద్దు రాయి ఉంటుంది.

మొదట కనిపెట్టింది బట్టలు ఆరేసిన పిల్లలు. తెల్ల యూనిఫారాల మీద నల్లటి మసి రేకులు పడుతున్నాయని గోల చేశారు. తలెత్తి చూస్తే కొండ అవతల నుంచి పొగ లేస్తోంది. అప్పుడు మూడు గంటలు. ఏటా కనబడే పొగే కదా అనుకున్నాం. ఇది మా మొదటి తప్పు, దాచుకోవడం లేదు. నాలుగున్నరకి మంట శిఖరం దాటి మా వైపు తిరిగింది. పొగ ముందర పసులపోలిగాళ్ళు గుంపులుగా ఎగురుతూ, పారిపోయే పురుగుల్ని పట్టుకుంటున్నాయి. వెదురు కణుపులు పేలుతుంటే తుపాకులు కాల్చినట్టే ఉంది. చిన్న పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

మా దగ్గర ఫోన్ సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ఎక్కాం. అందరికీ చెప్పాం. బయల్దేరుతున్నామన్నారు. ఫైర్ ఇంజన్ ఘాట్ రోడ్డు ఎక్కి మా దగ్గరికి వచ్చేసరికి రాత్రి పది దాటింది. వాళ్ళని తప్పు పట్టడం లేదు, దారి అలాంటిది. ఆ ఐదు గంటలూ మాకు దిక్కెవరు అన్నదే ఇక్కడ సంగతి.

పిల్లల్ని గెడ్డ దాటించి కోసిన మడిలో కూర్చోబెట్టాం. చున్నీలు, తువ్వాళ్ళు గెడ్డలో తడిపి ముక్కులకి కట్టుకోమన్నాం. ట్రంకు పెట్టెలు, పుస్తకాలు ఎక్కడివక్కడే వదిలెయ్యమన్నాం. పదో తరగతి పిల్లలు మాత్రం హాల్ టికెట్లు జాకెట్లలో దోపుకుని వచ్చారు, వద్దనలేకపోయాం. వాచ్‌మన్, కుక్ కలిసి గ్యాస్ సిలిండర్లు దొర్లించుకెళ్ళి గెడ్డ ఇసకలో పెట్టారు. హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచాం. జ్వరాలతో ఇంటికి వెళ్ళిన ముగ్గురు పోగా 139 మంది ఉండాలి. 138 మంది ఉన్నారు. మళ్ళీ పిలిచాం. 138. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.

మూడో తరగతి పిల్ల. కామాటి పరుగెత్తికెళ్ళి గదులన్నీ వెతికితే, స్టోరులో బియ్యం బస్తాల వెనక దొరికింది. ఎందుకు రాలేదే అంటే, ఇంటికి నిప్పొస్తే ముందు గింజలు కాపాడుకోవాలని వాళ్ళమ్మ చెప్పిందట, అందుకని బియ్యం దగ్గర ఉందట. పూరిళ్ళ ఊళ్ళో పెరిగిన పిల్లకి అది సరైన పాఠమే. హాస్టల్లో నిప్పొస్తే ఏం చెయ్యాలో మాత్రం మేమే ఎవరూ దానికి చెప్పలేదు.

ఈలోగా కింద ఊరి నుంచి జనం వచ్చారు. ఎవరూ పిలవలేదు, పొగ చూసి వచ్చారు. నలభై మంది దాకా ఉంటారు, ఆడా మగా. చేతుల్లో బొరిగెలు, కత్తులు, గొడ్డళ్ళు, నేరేడు పచ్చి కొమ్మలు. వాళ్ళతో మా వాచ్‌మన్ మామ, డెబ్బై దాటిన ముసలాయన, కర్ర పట్టుకుని వచ్చాడు. పిల్లలందరూ తాతా అంటారు, మేమూ అదే అంటాం. తాత మంట వైపు చూడలేదు. వంట పాక దగ్గరికి వెళ్ళి పొయ్యిలో చల్లారిన బూడిద చిటికెడు తీసి వేళ్ళ సందుల నుంచి జారవిడిచాడు. బూడిద కొండ వైపు వాలింది.

"అమ్మా, గాలి ఇంకా కొండెక్కుతంది. పొద్దు గూకితే దిగుతాది. దిగిందంటే మనవల్ల కాదు. ఈలోగానే కింద నుంచి ఎదురు నిప్పెట్టాల," అన్నాడు.

గోడకి ఎగువన, ఒక పక్క బోడి బండ, ఇంకో పక్క గెడ్డ మలుపు ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య రెండు బారల వెడల్పున ఆకు ఊడ్చి మట్టి తేల్చాలి. ఆ బాట పై అంచున మనమే నిప్పు పెట్టాలి. పగటి గాలికి అది కొండెక్కుతూ ఆకునంతా తినేస్తుంది. పైనుంచి దిగే మంటకి తినడానికి ఏమీ మిగలదు. ఇదీ తాత చెప్పింది. మా సిబ్బందిలో ఒకరు చెవిలో అన్నారు: "మేడమ్, అది రిజర్వు అడవి. ఆరిపోయే నిప్పు ఎవరు పెట్టారో ఎవరూ అడగరు, మనం పెట్టిన నిప్పు గురించే అడుగుతారు. కేసు మన మీదకొస్తుంది."

మేము ఆలోచించాం. ఎంతసేపో తెలీదు, పది నిమిషాలు అనుకుంటాం. ఆడవాళ్ళు మాత్రం మా మాట కోసం ఆగకుండా ఊడవడం మొదలుపెట్టారు. పెద్ద పిల్లలు కొందరు గెడ్డ అవతల నుంచి వచ్చి చీపుళ్ళు అడిగారు. ఇవ్వలేదు. బాట దాదాపు పూర్తయ్యాక తాత మళ్ళీ వచ్చి మా ముఖం వైపు చూశాడు. అప్పుడు అన్నాం: "పెట్టండి తాతా. ఎవరైనా అడిగితే మేమే పెట్టమన్నామని చెప్పండి."

బండ దగ్గర నుంచి మొదలుపెట్టి, ఎండు వెదురు కాగడాలతో కొంచెం కొంచెంగా అంటించుకుంటూ వచ్చారు. ఒక్కసారిగా కాదు. పది అడుగులు అంటించడం, అది కాస్త పైకి పాకాక మళ్ళీ పది అడుగులు. బాట మీద వరసగా నిలబడ్డ వాళ్ళు ఇవతలికి రాలిన నిప్పురవ్వల్ని కొమ్మలతో మోదుతున్నారు. కొమ్మని పైకెత్తి కొడితే రవ్వలు ఎగురుతాయి. నేలకి అదిమి ఈడ్చాలి. ఇది మాకు అప్పుడే తెలిసింది. నలభై ఏళ్ళు కొండల్లో బతికి అప్పుడు తెలుసుకోవడం సిగ్గుగానే అనిపించింది.

పొద్దు గూకాక తాత చెప్పినట్టే గాలి తిరిగింది. అప్పటికి మా నిప్పు చాలా పైకి వెళ్ళిపోయింది. ఏడున్నర ప్రాంతంలో రెండు మంటలూ కలిశాయి. ఒక్క క్షణం తాటిచెట్టంత ఎత్తు లేచి, ఆ తర్వాత చూస్తుండగానే కుంగిపోయాయి. మాడిన దుంగలు కొన్ని దొర్లుకుంటూ వచ్చి నల్లటి నేల మీదే ఆగిపోయాయి. ఒక రవ్వ మాత్రం ఎగిరొచ్చి వంట పాక కప్పు మీద పడింది, పాక కాలిపోయింది. అంతకుమించి మాకు జరిగిన నష్టం లేదు. కొండకి జరిగిన నష్టం వేరే లెక్క. అవతలి వాలులో నాలుగు కుటుంబాల కాఫీ తోటలు, మిరియాల తీగలు పోయాయి.

మర్నాడు విచారణకి మనిషి వచ్చాడు. మొదటి ప్రశ్న: "బాట పక్కన నిప్పు పెట్టింది ఎవరు?" ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పలేదు. తాత అయితే ఆ రోజు అసలు కొండ దగ్గరికే రాలేదన్నాడు. ముందు రోజు మా 139 మంది పిల్లల్ని కాపాడిన మనిషి, మా ఎదుటే నిలబడి, నేను లేను అంటున్నాడు. పెట్టమన్నది మేమేనని కాగితం మీద రాసి సంతకం పెట్టాం. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. కానీ తాత ముఖంలో ఆ భయం ఎక్కడిదో మాకు అర్థం కాలేదు. దాన్ని వెతుక్కుంటూ వెళితే దొరికిందే ఇకపైన రాసే చరిత్ర.

మీలో చాలామందికి పోడు అంటే విన్న మాటే తప్ప చూసింది ఉండదు. మీ అమ్మానాన్నలు కాఫీకి, జీడిమామిడికి మారారు, మీరు చదువులకి మారారు. పోడు అంటే అడవిని తగలబెట్టడం కాదు. చలికాలంలో వాలు ఎంచుకుని తుప్పలు కొడతారు. ఇప్ప, పనస, చింత లాంటి పనికొచ్చే చెట్లు ఉంచేస్తారు. కొట్టిన కంప ఎండాక, వానలకు ముందు కాలుస్తారు. కాల్చే ముందు చుట్టూ ఆకు ఊడుస్తారు. చాలా చోట్ల వాలు పై అంచు నుంచి అంటిస్తారు, ఎందుకంటే కిందికి దిగే మంట మెల్లగా, చేతిలో ఉంటుంది. ఆ బూడిదే ఎరువు. సామ, చోడి, కంది, వలిసెలు రెండు మూడేళ్ళు పండించి నేలను మళ్ళీ అడవికి వదిలేస్తారు. పక్కవాడి పోడులోకి నిప్పు పోతే ఊరి పెద్దల ముందు తప్పు కట్టాల్సిందే. ఇంతమంది, ఇన్ని తరాలు, ఏటా చేసిన పని అది. తాత బూడిద జారవిడిచిన చిటికెలో ఉన్న చదువు ఎక్కడిదనుకున్నారు?

ఇక ప్రభుత్వం వైపు. ఇంగ్లీషు వాళ్ళకి రైలు పట్టాల కింద వేసే దుంగలకి, ఓడలకి టేకు, సాల లాంటి కలప కావలసి వచ్చింది. 1864లో అటవీ శాఖ పెట్టి జర్మనీ దేశస్తుడు డైట్రిచ్ బ్రాండిస్‌ని దాని పెద్దగా నియమించారు. మరుసటి ఏడాదే మొదటి అటవీ చట్టం వచ్చింది. అదే కాలంలో మధ్య పరగణాల్లోని బోరి అడవిలో పియర్సన్ అనే అధికారి అడవిని నిప్పు నుంచి పూర్తిగా కాపాడే ప్రయోగం చేశాడు. అడవుల్లో వెడల్పాటి బాటలు నరికి, ఎండాకాలం కాపలా పెట్టారు. ఇప్పుడు మనం చూసే ఫైర్ లైన్లు, ఫైర్ వాచర్లు అక్కడి నుంచి నడిచొచ్చినవే. ఆ రోజుల్లో వాళ్ళ దృష్టిలో నిప్పు అంటే ఒకే రకం, అది శత్రువు.

1878లో ఇంకా గట్టి చట్టం తెచ్చారు. ఇక్కడ మన ప్రాంతం సంగతి కొంచెం వేరు. అడవి మీద ఊళ్ళకి హక్కులున్నాయని మద్రాసు రెవెన్యూ బోర్డు అధికారులు చాలా ఏళ్ళు వాదించారు. తెల్లదొరల్లో కూడా అలా అన్నవాళ్ళు ఉన్నారని మీరు తెలుసుకోవాలి. చివరికి వాళ్ళ వాదన ఓడిపోయి 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులు రిజర్వు అయ్యాయి. రిజర్వులో నిప్పు పెట్టడం నేరమైంది.

దేశంలో చాలా భాగానికి వర్తించిన 1927 భారత అటవీ చట్టంలో ఒక మాట ఉంది, చదివినప్పుడు మాకు తాత ముఖం గుర్తొచ్చింది. రిజర్వు అడవిలో ఎవరైనా కావాలని గానీ ఘోరమైన నిర్లక్ష్యంతో గానీ నిప్పు పెడితే, పెట్టినవాడికి శిక్ష పడటమే కాదు, ఆ అడవిలో పశువుల మేత హక్కునీ అటవీ ఫలసాయం హక్కునీ ప్రభుత్వం ఆపెయ్యవచ్చు. అంటే ఒకడి చేతి నిప్పుకి ఊరంతా పస్తు. అలాంటి చట్టాల కింద మూడు నాలుగు తరాలు బతికిన ఊళ్ళలో "నేనే పెట్టాను" అని ఏ ముసలాయన అంటాడు? ఆర్పడానికి పెట్టిన నిప్పయినా సరే. అదే చట్టం ఇంకో చోట, అడవిలో హక్కులు అనుభవించేవాళ్ళు నిప్పు కబురు వెంటనే చెప్పాలి, ఆర్పడానికి సాయం చెయ్యాలి అంటుంది. మంట ఆర్పడం మనవాళ్ళకి వచ్చని చట్టానికీ తెలుసన్న మాట.

విచిత్రం ఏమిటంటే, నిప్పు పూర్తిగా ఆపితే అడవికే మంచిది కాదని కొందరు అటవీ అధికారులే తొందరగా కనుక్కున్నారు. బర్మాలో పనిచేసిన స్లేడ్ అనే అధికారి, అక్కడ నిప్పు కాపలా మరీ ఎక్కువైందని 1896లోనే రాశాడు. కాపలా పెట్టిన టేకు అడవుల్లో కొత్త టేకు మొక్కలు సరిగా రావడం లేదని వాళ్ళు గమనించారు. క్రమంగా ఎండాకాలం ముదరక ముందే, ఆకు పూర్తిగా ఎండక ముందే, తక్కువ మంటతో కాల్చే పద్ధతి అటవీ శాఖ పనుల్లోకే వచ్చింది. మన పెద్దలు చేస్తే నేరం, శాఖ చేస్తే శాస్త్రం. ఈ వాక్యం కోపంతో రాసింది కాదు, కానీ వేరేలా రాయడం మాకు రాలేదు.

పోడు మీద, అడవి మీద ఆంక్షలు మన్యంలో ఎలాంటి మంట రేపాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. 1879 రంప తిరుగుబాటుకి కల్లు పన్ను, మన్సబుదారు దోపిడీతో పాటు అడవి ఆంక్షలూ కారణమే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు, మనవాళ్ళు పడ్డారంటే దాని వెనక పోడు ఆపడం, రోడ్ల పనిలో వెట్టి ఉన్నాయి. గోదావరి అవతల 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగింది కూడా అడవి భూమి కోసమే.

ఇంకో ఉదాహరణ మన కొండలది కాదు, అయినా చెప్పాలి. 1921లో హిమాలయాల్లోని కుమావోన్‌లో జనం అటవీ నిబంధనల మీద కోపంతో అడవులకి నిప్పు పెట్టారు. కాలినవి ఎక్కువగా ప్రభుత్వం కలపకీ, జిగురుకీ పెంచిన చీడ్ పైన్ అడవులు. తమకి మేత, వంటచెరకు ఇచ్చే వెడల్పాకుల అడవుల జోలికి చాలావరకు పోలేదు. ప్రభుత్వం విచారణ కమిటీ వేసి చాలా అడవుల మీద ఆంక్షలు సడలించింది, 1931లో వన పంచాయతీలకి నిబంధనలు చేసింది. నిప్పుతో ఏది కాల్చాలో ఏది కాల్చకూడదో అక్కడివాళ్ళకీ తెలుసు. అలా అని ఆ పనిని మేము మెచ్చుకోవడం లేదు. నిప్పుకి కొండ ఎవరిదో తెలీదు.

నిజం చెప్పాలంటే మన తప్పూ ఉంది. కొండచీపుళ్ళు కోశాక దుబ్బులు మళ్ళీ బాగా చిగురిస్తాయని నిప్పు పెట్టి ఇంటికి పోయేవాళ్ళు ఉన్నారు. ఇప్ప పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చి, అది ఆరిందో లేదో చూడనివాళ్ళు ఉన్నారు. ఇటికెల పండగ వేటకి వెళ్ళి జంతువుల్ని తోలడానికి గడ్డి అంటించే కుర్రాళ్ళు ఉన్నారు. చుట్ట ముక్క విసిరేసే పెద్దలు ఉన్నారు, బీరు సీసాలతో వచ్చి పొయ్యి పెట్టి వదిలేసే పర్యాటకులూ ఉన్నారు. మా హాస్టల్ మీదికి వచ్చిన నిప్పు వీటిలో ఏదో ఒకటే అయి ఉంటుంది. పాతకాలంలో కూడా నిప్పు జారిన సందర్భాలు ఉండే ఉంటాయి. కాకపోతే అప్పుడు అందరూ పోడు చేసేవాళ్ళు, చుట్టూ బాట ఊడవడం చేతికి అలవాటు. ఇప్పుడు అగ్గిపెట్టె మాత్రం మిగిలింది, చీపురు పోయింది.

ఇక మా సొంత తప్పు. టీచర్ ట్రైనింగ్ చేసి వచ్చిన కొత్తలో మేము హాస్టల్ పిల్లలకి సాయంత్రం సాంఘిక శాస్త్రం చెప్పేవాళ్ళం. "అడవులు తగ్గిపోవడానికి కారణాలు రాయండి" అన్న ప్రశ్నకి మొదటి జవాబు "పోడు వ్యవసాయం" అని నల్లబల్ల మీద రాసింది మేమే. పోడు చేసి ఫీజు కట్టిన తండ్రుల పిల్లలు అది నోట్సులో ఎక్కించుకున్నారు. బట్టీ పట్టి రాసినవాళ్ళకి రెండు మార్కులు వేశాం. గనులు, జలాశయాలు, రోడ్లు, కాంట్రాక్టర్ల కలప అన్న కారణాలు మాత్రం మా నల్లబల్ల మీదికి రాలేదు. ఆ పిల్లల్లో కొందరికి ఇప్పుడు పిల్లలున్నారు. వాళ్ళు ఈ సంచిక చదివితే, ఆ జవాబు కొట్టేసుకోమని మా మనవి.

ఈ కథ మన ఒక్కరిదే కాదని చెప్పడానికి ఆస్ట్రేలియా దాకా వెళ్ళాలి. మనకి అది అంత దూరం కూడా కాదు. మన కాఫీ తోటల్లో నీడనిచ్చే, మిరియాల తీగ పాకే సిల్వర్ ఓక్ చెట్టు అక్కడిదే. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ళుగా చల్లటి కాలంలో చిన్న చిన్న మంటలతో నేలను అక్కడక్కడ కాల్చుకుంటూ వచ్చారు. 1788 నుంచి వలస వచ్చిన తెల్లవాళ్ళు వాళ్ళని నేల మీద నుంచి వెళ్ళగొట్టారు, ఆ నిప్పు చాలా చోట్ల ఆగిపోయింది. అక్కడ పెద్ద అడవి మంటలు రావడానికి ఎండలు, కరవు, గాలి లాంటి కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటికీ ఇదే మూలం అనడం లేదు. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో వచ్చిన మంటల్లో 173 మంది చనిపోయారు. ఊళ్ళకి ఊళ్ళే పోయాయి. ఉత్తరాన ఆర్నెమ్ లాండ్‌లో మాత్రం ఆదివాసీ రేంజర్లు పెద్దల పద్ధతినే మళ్ళీ పట్టుకుని, ఎండాకాలం మొదట్లోనే మెల్లని మంటలు పెట్టి, చివర్లో వచ్చే పెద్ద మంటల్ని తగ్గిస్తున్నారు. దానికి వాళ్ళకి జీతాలు కూడా వస్తున్నాయి. ఈ సంగతి చెబితే తాత చాలాసేపు నవ్వాడు. "నిప్పెడితే జీతమా!" అన్నాడు.

మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కాగితం మీద పరిస్థితి మారింది. తన అడవిని కాపాడుకునే హక్కు, బాధ్యత గ్రామసభకి ఉన్నాయని ఆ చట్టం చెబుతోంది. వ్యక్తిగత పట్టాల గురించి మన ఊళ్ళలో అందరూ మాట్లాడతారు, సామూహిక హక్కుల సంగతి ఎత్తేవాళ్ళు తక్కువ. నిప్పు విషయంలో పనికొచ్చేది ఆ రెండోదే. ఎక్కడ బాట ఊడవాలి, ఎప్పుడు, ఎవరు అన్నది గ్రామసభ తీర్మానంగా రాసి అటవీ శాఖకి ఇస్తే, మర్నాడు "ఎవరు పెట్టారు" అన్న ప్రశ్నకి ఒక కాగితం జవాబు చెబుతుంది. తాత అబద్ధం ఆడాల్సిన పని ఉండదు.

ఫోన్లు మీ చేతుల్లో ఉన్నాయి కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఉపగ్రహాలు చూసిన మంటల్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి గుర్తించి కబురు పంపుతోంది. ఇప్పటి ఉపగ్రహ పరికరం ఒక్కో చుక్కకి 375 మీటర్ల మేర చూస్తుంది. పేరు నమోదు చేసుకుంటే ఆ కబురు మామూలు మనుషులకీ వస్తుంది, మాకు వస్తోంది. కానీ ఆ ఎర్ర చుక్క పోడు మంటో, చుట్ట ముక్క మంటో, ఎదురు నిప్పో చెప్పదు. మా హాస్టల్ రాత్రి కూడా ఎక్కడో ఒక పటం మీద ఎర్ర చుక్కగా పడే ఉంటుంది. కొమ్మలు పట్టుకుని బాట మీద నిలబడ్డ నలభై మంది ఆ పటంలో ఉండరు. 1882 నుంచి రికార్డుల్లో ఎక్కువగా మిగిలింది పెట్టినవాళ్ళ లెక్కే, ఆర్పినవాళ్ళది కాదు. అందుకే మేము ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాం. ఏ కొండ, ఏ తేదీ, గాలి ఎటు, ఎంతమంది వచ్చారు, ఏం తెచ్చారు, ఎప్పటికి ఆరింది అని. మీ ఊరి పెద్దల్ని అడిగి మీరూ అలాంటిది రాస్తే, తర్వాతి సంచికకి చరిత్ర రాయమని వార్డెన్లని అడగాల్సిన పని ఉండదు.

మంటలొచ్చిన మరుసటి ఏడాది నుంచి సంక్రాంతి సెలవులు అయ్యి పిల్లలు తిరిగొచ్చిన వారంలో, ఊరివాళ్ళతో కలిసి బండ నుంచి గెడ్డ దాకా ఆకు ఊడుస్తున్నాం. అటవీ శాఖకి ముందే కాగితం ఇస్తున్నాం, ఒక ఏడాది వాళ్ళ బీటు మనిషి కూడా వచ్చి చీపురు పట్టాడు. పిల్లలకి నిప్పొస్తే ఏ తలుపు, ఏ మడి, ఎవరి చెయ్యి పట్టుకోవాలి అన్నది నెలకోసారి చేయిస్తున్నాం. బియ్యం దగ్గర దాక్కున్న పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి, చిన్న పిల్లల వరసకి అదే ముందు నిలబడుతుంది.

ఈ జనవరిలో తాత కొండకి రాలేదు. మోకాళ్ళు లేవనివ్వడం లేదు. బాట సగం ఊడ్చేసరికి మనవడి చేత కబురంపాడు, గాలి ఎటుందో చూసి చెప్పమని. ఆ పిల్లే వంట పాకలోకి వెళ్ళి చిటికెడు బూడిద తెచ్చి వేళ్ళ మధ్య నుంచి వదిలింది. కొండ వైపు వాలింది. ఆ మాట చెప్పడానికి ఊళ్ళోకి పరుగెత్తింది.